డాలస్ నుంచి వచ్చిన బెర్బెరిన్ సీసా: పీసీఓఎస్ ఉన్నవాళ్లు వాడొచ్చా?

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. వయసు 31, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందని నాలుగేళ్ల కిందట చెప్పారు, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9. థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటే విరేచనాలవుతున్నాయని మానేశారు. జుట్టు రాలుతోందని గమ్మీలు తింటున్నారు. డాలస్‌లో ఉన్న వదిన "ఇక్కడ అందరూ ఇదే వాడుతున్నారు, మొక్క నుంచి తీసిందేగా" అంటూ రెండు సీసాల బెర్బెరిన్ క్యాప్సూళ్లు పంపారు. వాడొచ్చా, బరువు తగ్గుతుందా అని అడిగారు. అత్తగారు షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారనీ రాశారు. చివర్లో, పెద్ద విషయం కానట్టు, "పిల్లల కోసం కూడా చూస్తున్నాం" అని ఒక ముక్క రాశారు.

నా జవాబు ఆ చివరి ముక్క దగ్గరే మొదలవుతుంది. పిల్లల కోసం చూస్తున్నన్నాళ్లూ బెర్బెరిన్ వద్దమ్మా. సీసా మూత తీయకండి. బెర్బెరిన్ వట్టి బూటకం అనడం లేదు. దానికి పని చేసే గుణం కొంత ఉంది, ఉంది కాబట్టే వద్దంటున్నాను. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఇది వాడకూడదు. రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం ప్రొటీన్‌కు అంటుకుని తిరుగుతుంది. బెర్బెరిన్ దాన్ని అక్కడి నుంచి తోసేస్తుంది. పెద్దవాళ్లకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. పసికందులో అలా జరిగితే కామెర్లు ముదిరి మెదడు దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

"గర్భం వచ్చాక ఆపేస్తాను కదా" అంటారు. పీసీఓఎస్‌లో చిక్కంతా అక్కడే. నెలసరి మూడు నెలలకోసారి వచ్చే మనిషికి గర్భం వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది? నా దగ్గరకు వచ్చే ఒకావిడ తొమ్మిదో వారం దాకా "ఈసారి కూడా లేటయింది" అనుకున్నారు. పైగా ఇన్సులిన్ పనితీరు కొంచెం మెరుగుపడగానే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, అదీ చెప్పాపెట్టకుండా.

నేను డైటీషియన్‌ని. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మందులు రాసేది డాక్టర్లు, నేను కాదు. కానీ ఈ మధ్య నా టేబుల్ మీదకు కంచంలో ఏం తింటున్నారో చెప్పే కాగితం కన్నా ముందు సంచీలోంచి సీసాలే బయటికొస్తున్నాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

బెర్బెరిన్ మనకు కొత్తదేమీ కాదు. ఆయుర్వేదంలో దారుహరిద్ర అంటారు చూడండి, మూలికల కొట్లో మానుపసుపు అని అడిగితే ఇచ్చే పచ్చటి చెక్క, అందులో ఉండేదే ఇది. క్యాప్సూల్ విప్పి వేళ్ల మధ్య రాసి చూస్తే చర్మానికి ముదురు పసుపు అంటుకుంటుంది, సబ్బుతో ఒక పట్టాన పోదు. చేదు సంగతి సరే సరి. మనం కూరలో వేసే పసుపుకూ దీనికీ చుట్టరికం లేదు, రంగు ఒక్కటే కలిసింది. ఇది చెప్పాల్సి వస్తోంది ఎందుకంటే "పసుపేగా మేడమ్" అని రోజుకు ఆరు వేసుకున్న ఆవిడ కూడా నాకు తెలుసు.

2023లో అమెరికాలో సోషల్ మీడియాలో దీన్ని "ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్" అని ఎత్తుకున్నారు. మీ వదినగారి ఊళ్లో అందరూ వాడటానికి కారణం అదే అయ్యుంటుంది. ఆ పోలిక తప్పు. ఒజెంపిక్ అనే షుగర్ ఇంజెక్షన్‌లో ఉండే సెమాగ్లూటైడ్ పేగు హార్మోన్‌ను అనుకరించి ఆకలి తగ్గిస్తుంది. బరువు కోసం వాడే పెద్ద మోతాదులో, 68 వారాల ట్రయల్‌లో సగటున శరీర బరువులో 15 శాతం దాకా తగ్గించింది. బెర్బెరిన్ దారి వేరు. కణాల్లో ఇంధనం తగ్గిందని కనిపెట్టే ఏఎంపీకే అనే ఎంజైమ్‌ను తట్టి లేపుతుంది, దాంతో కాలేయం చక్కెర తయారుచేయడం తగ్గుతుంది. బరువు మీద దాని ప్రభావం ఒకటి రెండు కిలోలు, అదీ నెలల తరబడి వాడితే. 76 నుంచి 74. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకుని డబ్బు ఖర్చు పెట్టొద్దు.

చక్కెర విషయంలో మాత్రం మెరుగైన ఫలితాలున్నాయి. 2008లో చైనాలో, కొత్తగా షుగర్ బయటపడిన 36 మందిని తీసుకుని మూడు నెలల పాటు కొందరికి బెర్బెరిన్, కొందరికి మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు. బెర్బెరిన్ వాడినవాళ్లలో హెచ్‌బీఏ1సీ 9.5 నుంచి 7.5కి దిగింది, మెట్‌ఫార్మిన్‌కు దాదాపు సమానం. అమ్మేవాళ్లందరూ చూపించేది ఈ అధ్యయనాన్నే. 36 మంది అంటే ఒక ఆర్టీసీ బస్సు కూడా నిండదు. వాళ్ల షుగర్ 9.5, మీది 5.9. ఎక్కువున్న చోట ఎక్కువ దిగుతుంది, మీకు దిగడానికి అంత చోటే లేదు.

పిల్లల విషయం ఎత్తారు కాబట్టి అదే చైనా నుంచి ఇంకో పెద్ద ట్రయల్ సంగతి. పీసీఓఎస్ ఉండి పిల్లల కోసం చూస్తున్న 644 మందిని మూడు గుంపులు చేశారు. లెట్రోజోల్ (అండం విడుదలకు గైనకాలజిస్టులు రాసే మాత్ర) వాడినవాళ్లలో 36 శాతానికి బిడ్డ పుట్టింది. బెర్బెరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 22 శాతానికి. రెండూ కలిపి వాడితే 34 శాతం. అంటే లెట్రోజోల్‌కు బెర్బెరిన్ జోడించినందువల్ల ఒరిగిందేమీ లేదు. మీ పని బిడ్డ అయితే, దానికి దారి మీ గైనకాలజిస్ట్ గది గుండానే ఉంది, డాలస్ సీసా గుండా కాదు.

ఇక "మొక్క నుంచి తీసింది కాబట్టి మెట్‌ఫార్మిన్ కన్నా మంచిది" అన్న మాట. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే మెట్‌ఫార్మిన్ పుట్టింది కూడా ఒక మొక్క కడుపునే. ఐరోపాలో గలేగా అనే చిక్కుడు జాతి మొక్క ఉంది. అందులోని గలెజిన్ అనే పదార్థం రక్తంలో చక్కెర తగ్గిస్తుందని గమనించారు. కానీ ఆ మొక్క గొర్రెలు మేస్తే చచ్చిపోయేంత విషం. ఆ కుటుంబానికే చెందిన, విషం తక్కువున్న పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ 1957లో షుగర్ రోగుల మీద ఫలితాలు ప్రచురించారు. అదే మెట్‌ఫార్మిన్. మొక్కలో ఉన్నప్పుడు విషం, మాత్రగా మారాక మందు. ఉమ్మెత్త కూడా మొక్కేనమ్మా.

ఇంకో తమాషా ఏంటంటే, మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలవుతున్నాయని మీరు బెర్బెరిన్ వైపు చూస్తున్నారు. బెర్బెరిన్‌తో అందరికన్నా ముందు వచ్చే ఫిర్యాదు కూడా అదే: విరేచనాలు, గ్యాస్, కొందరికి ఉల్టాగా మలబద్ధకం. నోటి ద్వారా తీసుకున్న బెర్బెరిన్‌లో రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు, మిగిలిందంతా పేగులోనే తిరుగుతుంది.

మెట్‌ఫార్మిన్ ఎలా వాడారో మీరు రాయలేదు. చాలామందికి మొదటి రోజు నుంచే 500 రెండు పూటలా అని చీటీలో ఉంటుంది, వాళ్లేమో పొద్దున్నే కాఫీతో వేసుకుంటారు, మధ్యాహ్నానికి కడుపులో రణరంగం. నెమ్మదిగా విడుదలయ్యే రకం (పేరు పక్కన ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉంటుంది) రాత్రి అన్నం తిన్నాక ఒక్కటి, వారం పది రోజులు అలా ఉంచి తర్వాత పెంచితే చాలామంది తట్టుకుంటారు. మీ డాక్టర్‌ని ఈ మాట అడగండి. పిల్లల కోసం చూస్తున్నామని కూడా అప్పుడే చెప్పండి. ఎక్కువ కాలం వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, ఏడాదికోసారి చూపించుకోవాలి.

మొక్కల నుంచి తీసిందే కావాలని మీకు గట్టిగా ఉంటే, డాక్టర్‌ని అడగదగ్గది మయో ఇనోసిటాల్. తవుడు, మొక్కజొన్నల నుంచి తీస్తారు, పప్పుల్లో సహజంగా ఉంటుంది. పీసీఓఎస్‌కు మన గైనకాలజిస్టులు చాలామంది రాస్తూనే ఉన్నారు. సాధారణంగా రోజుకు 4 గ్రాములు, రెండు పూటలుగా, నీళ్లలో కలుపుకునే పొడి. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు దీని గురించి చెప్పింది జాగ్రత్తగానే: హాని తక్కువ, ఆధారాలు పరిమితం, కావాలనుకున్నవాళ్లు వాడి చూడొచ్చు. బరువు తగ్గుతుందని మాత్రం దీన్ని కొనకండి. నేను చూసినవాళ్లలో కొందరికి మూడు నాలుగు నెలల్లో నెలసరి దారికొచ్చింది. కొందరికి ఏమీ మారలేదు, నెలకు వెయ్యి పైన ఖర్చు మాత్రం మిగిలింది.

ఇంకొకటి వంటింట్లోనే ఉంది, మెంతులు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ గారు 1980, 90 దశకాల్లో మెంతుల మీద చాలా పని చేశారు. షుగర్ ఉన్నవాళ్లకు భోజనంతో మెంతిపొడి ఇచ్చి చక్కెర, కొలెస్ట్రాల్ తగ్గడం చూపించారు. అయితే వాళ్లు ఇచ్చింది రోజుకు 25 నుంచి 100 గ్రాములు! మనం రాత్రి నానబెట్టుకునే చెంచా మెంతులను నేను తూకం వేసి చూశాను, నాలుగున్నర గ్రాములు. కాబట్టి పొద్దున్నే చెంచా మెంతులు మింగి షుగర్ తగ్గిపోతుందని నిశ్చింతగా ఉండకండి. 25 గ్రాములు రోజూ తిన్న ఒక టీచరమ్మ వారం తిరక్కుండానే వచ్చి "మేడమ్, చెమట కూడా మెంతుల వాసనే, స్టాఫ్ రూమ్‌లో తలెత్తుకోలేకపోతున్నాను" అన్నారు. మీకైతే కూరల్లో, మజ్జిగలో, మెంతికూర పప్పులో పడేంత చాలు. గర్భం కోసం చూస్తున్నప్పుడు గుప్పెళ్ల కొద్దీ మెంతిపొడి కూడా వద్దు.

పీచు కోసమైతే ఇసబ్‌గోల్ నాకు ఇష్టం. చవక, ఏం చేస్తుందో తెలిసిన సరుకు. అన్నానికి ముందు ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్లలో. తిన్నాక చక్కెర ఎగబాకడం నెమ్మదిస్తుంది, చెడు కొలెస్ట్రాల్ కొంచెం తగ్గుతుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి, లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు కూడా ఇదే లెక్క.

గమ్మీల దగ్గరికి వద్దాం. జుట్టు గమ్మీల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది, మామూలు అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా. అది రక్తంలో ఉండగా పరీక్ష చేస్తే, చాలా ల్యాబుల్లో వాడే పద్ధతి వల్ల టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే అంకె) ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. దాన్ని చూసి మాత్ర ఎక్కువైందనుకుని డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, మీకేమో నీరసం, బరువు పెరగడం. కిందటేడు ఒక అమ్మాయికి మూడు నెలల్లో మూడుసార్లు మోతాదు మార్చారు. నాలుగోసారి నేను "ఇంకేం వాడుతున్నావమ్మా" అని అడిగితే బ్యాగులోంచి గులాబీ రంగు డబ్బా తీసింది. "ఇది మందు కాదుగా మేడమ్, చాక్లెట్ లాంటిది." మీరు పరీక్షకు వెళ్లే మూడు రోజుల ముందే గమ్మీలు ఆపండి, ల్యాబ్‌లోనూ చెప్పండి. గర్భం ముందు థైరాయిడ్ సరిగ్గా ఉండటం బరువు కన్నా ముఖ్యం.

ఈ ప్రశ్న వేరే పరిస్థితుల్లో ఉన్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి, బెర్బెరిన్ ఎవరికైనా సరిపోతుందా అంటే, కొందరికి అవును. 47 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకరు, పిల్లలు ఇంజినీరింగ్‌లో ఉన్నారు, హెచ్‌బీఏ1సీ 6.1, చెడు కొలెస్ట్రాల్ 158, వేరే మందులేమీ లేవు. డాక్టర్‌తో మాట్లాడి రాత్రి భోజనానికి ముందు 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల తర్వాత రెండు పూటలా చేశారు. పన్నెండు వారాలు అయ్యేసరికి 5.8, 131. బరువు రెండు కిలోలు తగ్గింది. అదే సమయంలో ఆవిడ రాత్రి తొమ్మిదిన్నరకు తినే అన్నం మానేసి ఏడున్నరకు రెండు పెసరట్లు తినడం మొదలుపెట్టారు. ఇందులో క్యాప్సూల్ వాటా ఎంత, పెసరట్టు వాటా ఎంత అని అడిగితే నేను చెప్పలేను. ఆవిడ మాత్రం క్యాప్సూల్‌కే ఓటేశారు.

అలా వాడేవాళ్లయినా మొదలుపెట్టకముందు నడుము కొలత, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష) రాసిపెట్టుకోవాలి. పన్నెండు వారాలకు మళ్లీ చూసుకుని, అంకెలు కదలకపోతే ఆపేయాలి. వేరే మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. చాలా మందులను కాలేయం ఏ ఎంజైమ్‌లతో కరిగిస్తుందో వాటిని బెర్బెరిన్ అడ్డుకుంటుంది, దాంతో ఆ మందు ఒంట్లో పేరుకుపోతుంది. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు ఈ జాబితాలో ఉన్నాయి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ అయితే మరీ ప్రమాదం. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

సీసా మీద రాసిందంతా లోపల ఉంటుందనీ అనుకోకండి. అమెరికాలోనే 15 రకాల బెర్బెరిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే 9 రకాల్లో లేబుల్ మీద చెప్పినంత సరుకు లేదు. మన దగ్గర డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది. అది ఉండాలి, కానీ అది ఉందంటే బరువు తగ్గుతుందని ఎవరో పరీక్షించి సంతకం పెట్టారని కాదు. "మానుపసుపు సారం 500" అని ఉంటే అందులో బెర్బెరిన్ ఎంతో విడిగా రాశారా చూడండి. పది మొక్కల పేర్లు వరసగా రాసి, కింద మొత్తం బరువు ఒక్కటే ఇచ్చిన డబ్బా అయితే పక్కన పెట్టేయండి.

నాకు బెర్బెరిన్ కన్నా భయం "ఫ్యాట్ బర్నర్" డబ్బాలంటే. వాటిలో ఎక్కువగా కనిపించేది గార్సీనియా, అంటే కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కుడంపులి. పులుసులో బ్రహ్మాండం. బరువుకు మాత్రం, 1998లోనే అమెరికాలో 135 మందికి పన్నెండు వారాలు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా రాలేదు. దానికి తోడు గ్రీన్ టీ సారం. కప్పులో తాగే గ్రీన్ టీతో ఇబ్బంది లేదు. అదే క్యాప్సూల్‌గా చేసి, అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయం ఎంజైమ్‌లు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఈ రెండూ కలిసిన డబ్బాను రెండు నెలలు వాడిన అమ్మాయి కళ్లు పచ్చబడి వచ్చింది, ఎస్‌జీపీటీ 380. డబ్బా ఆపాక మామూలవడానికి పది వారాలు పట్టింది. పెళ్లి ముహూర్తం మధ్యలో ఉంది పాపం.

చేతులు మారి వచ్చే "ఆయుర్వేద పొడి" ఇంకో రకం. మూడు వారాల్లో అయిదు కిలోలు తగ్గి, నిద్ర పట్టక, నోరెండిపోయి, గుండె దడతో ఒకావిడ వచ్చారు. "అసలు ఆకలే వేయట్లేదు మేడమ్" అని సంతోషంగానే చెప్పారు. నాడి చూస్తే నూట పన్నెండు. వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాను. ఆ పొట్లంలో ఏముందో పరీక్ష చేయించలేదు కానీ, ఆకలి చంపే సిబుట్రామిన్ అనే మందు గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, ఐరోపాల్లో వెనక్కి తీసుకున్నారు, 2011లో మన దేశంలో నిషేధించారు. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో అది దొరికిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మూలిక అంత వేగంగా పనిచేస్తే అది మూలిక కాకపోవచ్చు.

మరి మీరేం చేయాలి? మీ ఎత్తుకు 76 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 30. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. కానీ మీరు 55 కిలోలకు రానక్కర్లేదు. అయిదు శాతం, అంటే నాలుగు కిలోలు తగ్గినా చాలామందిలో నెలసరి దారికొస్తుంది. నేను మొదట అడిగేది పొద్దుటి ప్లేటు గురించి. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ అయితే రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు చేయండి. గుడ్డు తినకపోతే పెసరట్టు, లేదా గిన్నెడు సాంబారు ముక్కలతో సహా. మధ్యాహ్నం అన్నం కన్నా ముందు కూర, పప్పు తినండి. వట్టిగానే తినాలి, మొదట్లో వింతగా ఉంటుంది. తర్వాత అన్నం, పెరుగు. పడే అన్నం దానంతట అదే తగ్గుతుంది, నోరు కట్టుకున్నట్టు అనిపించదు. తిన్నాక పావుగంట డాబా మీద నడక. ఉలవచారు ఇష్టమైతే భేష్, అందులో వెన్న గరిటె మాత్రం కాస్త చిన్నది తీసుకోండి.

ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారా? గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు ఉండాలి. మీ బరువు, షుగర్ చూసి డాక్టర్ ఇంకా పెద్ద మోతాదు రాయొచ్చు. సప్లిమెంట్ వాడాలనే ఉత్సాహం మీలో ఉంది కాబట్టి దాన్ని దీని మీద పెట్టండి. వచ్చే పరీక్షల ఫలితాలు, మెట్‌ఫార్మిన్ ఏ రకం వాడారో కింద రాస్తే ఇంకొంచెం చెప్పగలను.

చివరిగా ఆ రెండు సీసాలు. పారేయడానికి మనసొప్పదు, వదిన మనసు పెట్టి పంపారు. "అత్తగారికి షుగర్ ఉందిగా, ఆవిడకి ఇచ్చేద్దాం" అన్న ఆలోచన ఈపాటికే వచ్చి ఉంటుంది. ఆవిడ షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారని మీ ప్రశ్నలో మీరే రాశారు. ఆవిడకైతే అసలే వద్దు.